పాత పత్రికల్లో నేల కదలికలు: ఉత్తర తెలంగాణ భూకంప చరిత్రకు ఆధారాలు

గోదావరి లోయ భూకంపాలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నడుమ పారే గోదావరి చాలా దూరం ఒక పురాతనమైన పల్లంలో ప్రవహిస్తుంది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఈ ప్రాణహిత–గోదావరి లోయలో, రెండు అంచుల్లోని భ్రంశాల (భూపొరల చీలికల) మధ్య నేల కోట్ల ఏళ్ల కిందట కుంగిపోయింది. కుంగిన చోట ఇసుక, బంకమన్ను, చెట్టూచేమల అవశేషాలు పొరలు పొరలుగా పేరుకొని గోండ్వానా శిలలయ్యాయి. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనుల్లో సింగరేణి తవ్వే బొగ్గు ఆ పొరల్లోదే. అంచుల్లోని భ్రంశాలు మాత్రం పూర్తిగా కుదుటపడలేదు. అప్పుడప్పుడూ వాటి మీద ఒత్తిడి విడుదలవుతూనే ఉంది.

ఈ లోయలో యంత్రాలు నమోదు చేసిన పెద్ద కుదుపుల్లో మొదట చెప్పుకోవలసింది 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలం భూకంపం. రాత్రి 9 గంటలకు కాస్త ముందు వచ్చిన దాని పరిమాణం సుమారు 5.7. హైదరాబాద్ దాకా జనం దాన్ని గుర్తించారు. ఆ తర్వాత 55 ఏళ్లకు, 2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కు ములుగు అడవుల్లో 5.3 పరిమాణంతో భూకంపం వచ్చింది. కరీంనగర్, వరంగల్, ఖమ్మం, హైదరాబాద్‌లతో పాటు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊళ్లలోనూ అది తెలిసింది. ఈ రెండింటి కంటే చిన్నవీ ఉన్నాయి. 2021 అక్టోబర్ 23న కరీంనగర్‌కు ఈశాన్యంగా 45 కిలోమీటర్ల దూరంలో 4.0 పరిమాణంతో ఒకటి, 2025 మే 5 సాయంత్రం ఆసిఫాబాద్ ప్రాంతంలో 3.8 పరిమాణంతో మరొకటి నమోదయ్యాయి. రెండోదానికి కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల ప్రాంతాల్లో జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు.

1969 నుంచి లెక్కిస్తే ఈ జాబితా అరవై ఏళ్లకు లోపే. ద్వీపకల్ప భారతంలోని గట్టి శిలల్లో ఒత్తిడి చాలా నెమ్మదిగా పేరుకుంటుంది. ఒకే భ్రంశం మీద పెద్ద కదలిక మళ్లీ రావడానికి వందల ఏళ్లు, ఒక్కోసారి వేల ఏళ్లు పడుతుంది. అరవై ఏళ్ల నమోదును చూసి ఒక ప్రాంతం భూకంప స్వభావం ఇదేనని తేల్చడం సాధ్యం కాదు. మహారాష్ట్రలోని లాతూరు ఉదంతం ఆ పాఠాన్ని చాలా పెద్ద మూల్యంతో నేర్పింది. 1993 సెప్టెంబర్ 30న తెల్లవారుజామున కిల్లారి చుట్టుపక్కల ఊళ్లను నేలమట్టం చేసి, సుమారు పదివేల మందిని బలిగొన్న ఆ భూకంపం, అప్పటి పటంలో అతి తక్కువ ప్రమాదం ఉన్న మండలంగా గుర్తించిన చోట వచ్చింది. దాని పరిమాణం 6.2.

2002 నాటి భారతీయ ప్రమాణాల పటంలో తెలంగాణలో ఎక్కువ భాగం రెండో మండలంలో ఉండగా, గోదావరి లోయ వెంట ఉన్న ప్రాంతాలు మూడో మండలంలోకి వచ్చాయి. ఆ గీత సరిగ్గా ఎక్కడ ఉండాలి, ఆ లోయలో గతంలో వచ్చిన అతి పెద్ద కుదుపు ఎంతటిది అన్న ప్రశ్నలకు యంత్రాల నమోదు ఒక్కటే జవాబు చెప్పలేదు. యంత్రాలకు ముందు కాలం గురించి మనుషులు రాసిపెట్టిన ఆధారాల్లో అతి విస్తారమైనవి పాత వార్తాపత్రికలు.

జాబితాల పుట్టుక

భారతదేశంలో భూకంపాలను వరుసగా నమోదు చేయాలన్న ఆలోచన పత్రికలతో పాటే పెరిగింది. కలకత్తాలో హికీ బెంగాల్ గెజెట్ 1780 జనవరి 29న మొదలైంది. మద్రాసులో 1785లో మద్రాస్ కొరియర్ వచ్చింది. కంటోన్మెంట్లు, ఓడరేవులు, కలెక్టర్ల కచేరీలు ఉన్న ఊళ్ల నుంచి ఉత్తరాలు వచ్చేవి. వర్షం, పంట, కలరా, దొంగతనాలతో పాటు నేల కంపించిన సంగతి కూడా అచ్చయ్యేది.

1843లో సైనిక ఇంజినీరు బెయిర్డ్ స్మిత్ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ జర్నల్‌లో భారత భూకంపాలపై సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. ఆ కాలంలోనే ఐరోపాలో రాబర్ట్ మాలెట్, అలెక్సిస్ పెర్రే ప్రపంచ భూకంపాల జాబితాలు తయారు చేస్తున్నారు. వారి ముడిసరుకులో పత్రికల కత్తిరింపులకు పెద్ద చోటుండేది. భారత భూగర్భ సర్వే తొలి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ ఆ దారినే నడిచి, అతి ప్రాచీన కాలం నుంచి 1869 చివరి దాకా దేశంలో వచ్చిన భూకంపాల జాబితా సిద్ధం చేశాడు. ఆయన 1878లో మరణించాక కొడుకు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దాన్ని పరిష్కరించి 1883లో ప్రచురించాడు. నేటికీ ఏ భారత భూకంప చరిత్రకారుడైనా మొదట తెరిచేది ఆ పుస్తకమే.

కొడుకు ఓల్డ్‌హామ్ ఈ పద్ధతిని మరింత ముందుకు తీసుకెళ్లాడు. 1881 డిసెంబర్ 31న అండమాన్–నికోబార్ ప్రాంతంలో వచ్చిన పెద్ద భూకంపం తూర్పు తీరం పొడవునా తెలిసింది. ఏ ఊళ్లో ఎన్ని గంటలకు కుదుపు తగిలిందో సేకరించి, ఆ సమయాల తేడాలను బట్టి దాని మూలస్థానాన్ని అంచనా వేయడానికి ఆయన ప్రయత్నించాడు. 1897 జూన్ 12 నాటి అస్సాం మహాభూకంపంపై 1899లో వెలువరించిన బృహద్గ్రంథానికి ఉత్తరాలు, ప్రశ్నపత్రాలు, క్షేత్ర పరిశీలనలతో పాటు పత్రికా వార్తలనూ వాడుకున్నాడు.

ఇటీవలి కాలంలో ఈ పనికి కొత్త బలం వచ్చింది. ఇంపీరియల్ కాలేజీకి చెందిన నికొలస్ ఆంబ్రసేస్ పశ్చిమాసియా, భారత భూకంపాలను మూల పత్రాల నుంచి మళ్లీ చదివి, పాత జాబితాల్లోని తప్పులను వరుసగా సరిదిద్దాడు. 2010లో స్టేసీ మార్టిన్, వాల్టర్ సెలిగా 1636 నుంచి 2009 దాకా 570 భారత భూకంపాలకు సంబంధించిన 8,339 తీవ్రత పరిశీలనలను ఒకచోట చేర్చి ప్రచురించారు. ఆ పరిశీలనల్లో ఎన్నో పాత దినపత్రికల పుటల నుంచి వెలికితీసినవే.

ఈ నేలకు దగ్గరగా ఉన్న పత్రికలు

కరీంనగర్, ఆదిలాబాద్‌ల కోసం ఏ పత్రికలు వెతకాలన్నది రాజకీయ భూగోళం తేల్చిన విషయం. ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. తెలుగు పత్రికలు మొదట పుట్టింది మద్రాసు రాష్ట్రంలో. బళ్లారి నుంచి 1835లో వెలువడిన సత్యదూత తొలి తెలుగు పత్రికగా పేరు పొందింది. 1870లలో కొక్కొండ వెంకటరత్నం పంతులు ఆంధ్రభాషా సంజీవని, మచిలీపట్నం పురుషార్థ ప్రదాయిని, కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని వచ్చాయి. 1902లో కృష్ణాపత్రిక మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. తీరాంధ్ర, రాయలసీమల సంగతులకు వీటిలో చోటు ఎక్కువ. నిజాం రాష్ట్రపు ఉత్తర కొస నుంచి వార్త వీటికి చేరడం అరుదు.

హైదరాబాద్ రాజ్యంలో అప్పటి పాలనా భాష ఉర్దూ. 19వ శతాబ్ది చివర మొదలైన ముషీరె దక్కన్, ఆ తరువాతి రహబరె దక్కన్ వంటి ఉర్దూ పత్రికలు జిల్లాల తాలూక్‌దారులు, తహసీల్దార్లు పంపే సమాచారానికి దగ్గరగా ఉండేవి. తెలంగాణ గడ్డ మీద తెలుగు పత్రికలు ఆలస్యంగా వచ్చాయి. 1886 నాటి సేద్యచంద్రిక వ్యవసాయానికి పరిమితమైంది. 1913లో మహబూబ్‌నగర్ నుంచి హితబోధిని, 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, అదే ఏడాది ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక వెలువడ్డాయి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో మొదలైన గోలకొండ పత్రికతో తెలంగాణ పల్లెల వార్తలకు తెలుగులో నిలకడైన వేదిక దొరికింది. అందువల్ల 1926కు ముందు ఉత్తర తెలంగాణలో నేల కంపిస్తే, ఆ సంగతి తెలుగు అచ్చులోకి ఎక్కే అవకాశం చాలా స్వల్పం.

మూడో దారి నది అవతలి ఒడ్డు. ప్రాణహితకు ఎడమ ఒడ్డున, కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న సిరొంచ 1860లో బ్రిటిష్ పాలనలోకి వెళ్లింది. 1874 దాకా అది ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యకేంద్రం. ఆ తర్వాత చాందా జిల్లాలో కలిసింది. గోదావరిని ఓడల ప్రయాణానికి అనువుగా మార్చే పనుల కోసం అప్పట్లో దుమ్ముగూడెం దగ్గర ఇంజినీర్లు మకాం వేశారు. చర్చి మిషనరీలు అక్కడే స్థిరపడ్డారు. కొలతల పుస్తకాలు రాసే అలవాటున్న వారూ, స్వదేశానికి క్రమంగా నివేదికలు పంపేవారూ అలా గోదావరి ఒడ్డుకే వచ్చారు. కుడి ఒడ్డున మంథని, మహదేవపూర్‌లలో జరిగిన సంగతిని హైదరాబాద్ పత్రికలు చెప్పకపోయినా, ఎడమ ఒడ్డు నుంచి వెళ్లిన ఉత్తరం నాగపూర్ పత్రికలోనో, మిషన్ మాసపత్రికలోనో దొరకవచ్చు. నది రెండు ఒడ్లనూ కలిపి చదవడం ఈ ప్రాంత పరిశోధకుడికి తప్పనిసరి.

ఊరి పేరు, తేదీ, గంట

పాత పత్రికలో భూకంపవార్త దొరికాక మూడు విషయాలు తేల్చాలి: ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు. ఉత్తర తెలంగాణ విషయంలో మూడూ శ్రమతో కూడినవే.

కరీంనగర్ జిల్లా ఆ పేరుతో ఏర్పడింది 1905లో. అంతకుముందు అది ఎలగందుల జిల్లా. ఆంగ్ల పత్రికల్లో ఆ పేరును ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాశారు. ఆదిలాబాద్ ఊరు ఎదులాపురం, ఎద్లాబాద్ పేర్లతో కనిపిస్తుంది. జిల్లా 1905కు ముందు సిర్పూర్–తాండూరుగా వ్యవహారంలో ఉంది. పొరుగున ఉన్న నిజామాబాద్ అప్పట్లో ఇందూరు. ఇందూరు అన్న పేరు ఆంగ్ల అక్షరాల్లో మధ్యభారతంలోని ఇండోర్‌గా పొరబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2016 అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజన తర్వాత పటం మళ్లీ మారింది. పాత ఆదిలాబాద్‌లోని ఊరు ఇవాళ మంచిర్యాలలోనో, నిర్మల్‌లోనో, కొమురంభీం ఆసిఫాబాద్‌లోనో ఉండవచ్చు. అందుకే ప్రతి వార్తనూ జిల్లా పేరుతో కాక ఊరి అక్షాంశ రేఖాంశాలతో నమోదు చేయాలి. ఉర్దూ పత్రికల్లో వెతికేటప్పుడు భూకంపానికి వాడే జల్జలా అన్న మాటతో పాటు ఈ పాత స్థలనామాలన్నీ చేతిలో ఉండాలి.

తేదీల దగ్గర ఫసలీ క్యాలెండర్ ఎదురవుతుంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో ఆజుర్ నెలతో ఆరంభమయ్యేది. ఆజుర్ నుంచి డిసెంబర్ చివరి దాకా ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. జనవరి నుంచి సంవత్సరాంతం దాకా 591 కలపాలి. గోలకొండ పత్రిక పుట్టిన 1926 మే నెల 1335 ఫసలీలో ఉంది. ఈ చిన్న లెక్క తప్పితే ఒకే భూకంపం జాబితాలో రెండు వేర్వేరు సంవత్సరాల్లో నమోదవుతుంది. వార్త తేదీ, భూకంపం తేదీ ఒకటి కావన్నది రెండో జాగ్రత్త. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1920ల చివరికి గానీ పూర్తి కాలేదు. అంతకుముందు పెద్దపల్లి, మంచిర్యాల ప్రాంతాల ఉత్తరం పత్రికాఫీసుకు చేరడానికి రోజులు పట్టేది. ‘గత మంగళవారం’ అన్న మాట ఉత్తరం రాసిన రోజుకు ముందు మంగళవారమా, పత్రిక వెలువడిన రోజుకు ముందు మంగళవారమా అని ప్రతిసారీ పరిశీలించాలి.

గంట సంగతి మరీ సున్నితం. భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి ముందు ఊళ్లలో సూర్యుణ్ణి బట్టి స్థానిక కాలం, రైళ్లకు మద్రాసు కాలం నడిచేవి. కరీంనగర్ స్థానిక కాలం నేటి ప్రామాణిక కాలానికి దాదాపు 13 నిమిషాలు, ఆదిలాబాద్‌ది దాదాపు 16 నిమిషాలు వెనక ఉంటాయి. మద్రాసు కాలం 9 నిమిషాలు వెనక. రెండు ఊళ్ల వార్తలు చెబుతున్నది ఒకే కుదుపా, పది నిమిషాల తేడాతో వచ్చిన రెండు కుదుపులా అని నిర్ణయించేటప్పుడు ఈ తేడాలే కీలకం. ఆధునిక జాబితాలు అంతర్జాతీయ కాలంలో ఉంటాయి కనుక అక్కడా తేదీ మారుతుంది. లాతూరు భూకంపం మన పత్రికల్లో 1993 సెప్టెంబర్ 30ది. అంతర్జాతీయ కాలంలో అది సెప్టెంబర్ 29 రాత్రిది.

వార్తను కొలతగా మార్చడం

భూకంపానికి రెండు కొలతలు. పరిమాణం భూగర్భంలో విడుదలైన శక్తికి సంబంధించినది. ఒక భూకంపానికి అది ఒకటే. తీవ్రత ఒక్కో ఊళ్లో నేల ఎంతగా ఊగిందో చెబుతుంది. దూరాన్ని బట్టి, నేల స్వభావాన్ని బట్టి ఊరూరికీ మారుతుంది. పత్రికావార్త నుంచి నేరుగా రాబట్టగలిగింది తీవ్రతనే. భారతదేశంలో ఎక్కువగా వాడే ఎంఎస్‌కే మాపకంలో పన్నెండు అంచెలు ఉన్నాయి.

ఇంట్లో కూర్చున్న కొద్దిమందికి మాత్రమే తెలిసి, వేలాడే దీపం స్వల్పంగా ఊగితే మూడో అంచె. గిన్నెలు గలగలలాడి, తలుపులు కిటికీలు కొట్టుకుంటే నాలుగు. నిద్రపోతున్నవారు లేచి, కొందరు వీధిలోకి పరుగెత్తి, నిండు కుండల్లో నీళ్లు ఒలికితే ఐదు. గోడల పూత చిట్లి, పెంకులు జారిపడి, జనమంతా భయపడితే ఆరు. మట్టిగోడలు పెద్దగా పగిలి, కొన్ని కూలితే ఏడు. ఆపై అంచెల్లో పక్కా కట్టడాలు కూడా దెబ్బతింటాయి. పాత వార్తలోని ప్రతి వాక్యాన్నీ ఈ మెట్లలో ఏదో ఒకదాని మీద నిలపాలి. ఇద్దరు ముగ్గురు పరిశోధకులు విడివిడిగా అంచెలు వేసి, తర్వాత పోల్చుకుంటే వ్యక్తిగత మొగ్గు తగ్గుతుంది.

ఇక్కడ ఇంటి నిర్మాణం తెలియకపోతే అంచె తప్పుతుంది. కరీంనగర్ ప్రాంతపు పాత ఇళ్లలో మందపాటి మట్టిగోడలు, వాటిపై దూలాలు, గూనపెంకులు ఉండేవి. బరువైన మట్టిగోడ పక్కకు ఊగే శక్తిని తట్టుకోలేదు. ఆదిలాబాద్ అడవుల్లోని గోండు, కొలాం గూడేల్లో వెదురు తడికలకు మట్టి మెత్తిన తేలికైన ఇళ్లు ఎక్కువ. నేల గట్టిగా ఊగినా తడిక వంగి మళ్లీ నిలుస్తుంది. ఒకే కుదుపుకు మంథనిలో గోడ కూలి, ఎగువ గూడెంలో ఏ నష్టమూ కనిపించకపోవచ్చు. గూడెంలో నష్టం లేదన్న వార్తను చూసి అక్కడ నేల కదలలేదని రాస్తే అది పెద్ద పొరపాటు. నది ఒడ్డున ఒండ్రు మట్టి మీద ఉన్న ఊళ్లు గట్టి రాతి మీది ఊళ్ల కంటే ఎక్కువగా ఊగుతాయన్నదీ లెక్కలోకి రావాలి.

చాలా ఊళ్ల అంచెలు చేరాక వాటిని పటం మీద గుర్తిస్తారు. ఒకే అంచె ఉన్న ఊళ్లను కలుపుతూ గీసే గీతలు సమతీవ్రతా రేఖలు. లోపలి రేఖ మధ్యభాగం మూలస్థానానికి సూచన. రేఖల విస్తీర్ణం పరిమాణానికి సూచన. ద్వీపకల్పంలోని పాత, గట్టి శిలలు కంపనాలను ఎక్కువ దూరం మోసుకెళ్తాయి. హిమాలయ ప్రాంతం కోసం రూపొందించిన సూత్రాన్ని గోదావరి లోయకు వాడితే, ఇక్కడి భూకంపం పరిమాణం ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. అందుకే ఈ రెండు ప్రాంతాలకూ వేర్వేరు సూత్రాలు వాడతారు.

1969 భద్రాచలం, 2024 ములుగు భూకంపాలు ఈ పద్ధతికి కొలబద్దలు. వాటి పరిమాణం, మూలస్థానం యంత్రాల ద్వారా తెలుసు. ఆ రోజుల పత్రికల్లో ఊరూరి వార్తలూ ఉన్నాయి. యంత్రం చెప్పినదాన్ని పక్కన పెట్టి, కేవలం పత్రికా వార్తలతో సమతీవ్రతా పటం గీసి, వచ్చిన ఫలితాన్ని యంత్రపు లెక్కతో పోల్చవచ్చు. ఎంత తేడా వస్తుందో తెలిస్తే, యంత్రాలు లేని 19వ శతాబ్దపు భూకంపాల అంచనాలకు ఎంత మేర నమ్మకం ఇవ్వాలో తెలుస్తుంది.

పత్రిక తప్పుచెప్పే సందర్భాలు

పత్రికావార్తను పరీక్షించకుండా తీసుకుంటే ఏమవుతుందో కలకత్తా ఉదంతం చెబుతుంది. 1737 అక్టోబర్ 11న, అంటే ఆనాటి ఆంగ్లేయుల పాత క్యాలెండర్ ప్రకారం సెప్టెంబర్ 30న, అక్కడ పెనువిపత్తు సంభవించింది. తుపానుతో పాటు భూకంపం కూడా వచ్చిందనీ, మూడు లక్షల మంది చనిపోయారనీ లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ రాసింది. ఆ సంఖ్య రెండున్నర శతాబ్దాల పాటు ప్రపంచ మహాభూకంపాల జాబితాల్లో నిలిచింది. 1994లో రోజర్ బిల్హామ్ ఈస్టిండియా కంపెనీ పత్రాలను పరిశీలించి, ఆనాటి కలకత్తా జనాభాయే ఆ సంఖ్యకు ఎంతో తక్కువని, నష్టం ప్రధానంగా తుపాను వల్లేనని, నగరంలో మృతులు సుమారు మూడువేలని చూపించాడు. దూరంలో అచ్చయిన వార్త ఒకటి, ఎవరూ తిరిగి చూడనందువల్ల చరిత్ర అయి కూర్చుంది.

దీని నుంచి మొదటి నియమం వస్తుంది: వార్త ఎక్కడ పుట్టిందో వెతకాలి. పాత పత్రికలు ఒకదాన్నొకటి విరివిగా ఎత్తిరాసుకునేవి. మద్రాసులో వచ్చిన పేరా బొంబాయిలో, కలకత్తాలో, నెలల తర్వాత లండన్‌లో కనిపిస్తుంది. నాలుగు పత్రికల్లో ఉంది కనుక నలుగురు సాక్షులు ఉన్నారని అనుకోకూడదు. సాక్షి ఒక్కడే. ఎత్తిరాతలో ఊరిపేరు వికృతమై, తేదీ జారిపోయి, అదనపు భూకంపం ఒకటి పుట్టుకొచ్చిన సందర్భాలు జాబితాల్లో కొల్లలు.

రెండో నియమం నగరాల పక్షపాతానికి సంబంధించినది. హైదరాబాద్‌లో, సికిందరాబాద్ కంటోన్మెంట్‌లో ఒక తేలికపాటి కంపనం పేరాల కొద్దీ వార్త అవుతుంది. చెన్నూరులో గోడలు పగిలినా ఒక్క వాక్యం రాకపోవచ్చు. వార్త పొడవు కుదుపు బలానికి కొలత కాదు. గోడలు పగిలాయన్న ఒక్క పొడి వాక్యం, భయాందోళనల గురించిన పెద్ద వర్ణన కంటే విలువైనది.

మూడో నియమం ఉత్తర తెలంగాణకు ప్రత్యేకమైనది. 1920ల చివర బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచి ఈ లోయలో మనిషి పుట్టించిన కంపనాలూ ఉన్నాయి. భూగర్భ గనుల్లో పైకప్పు కుంగడం, ఓపెన్‌కాస్ట్ గనుల్లో పేలుళ్లు, చుట్టుపక్కల ఇళ్లలో గోడలు బీటలు వారడం పత్రికల్లో తరచూ కనిపించే వార్తలు. పేలుడుకు నిర్ణీత వేళ ఉంటుంది, దాని ప్రభావం కొద్ది కిలోమీటర్లకే పరిమితం. సహజ భూకంపం ఒకేసారి జగిత్యాలలోనూ, నిర్మల్‌లోనూ, సిరొంచలోనూ తెలుస్తుంది. అందుకే గని ప్రాంతపు వార్తను దూరపు ఊళ్ల వార్తలతో కలిపి చదవాలి. వర్షాకాలంలో పిడుగుల మోతను, ఇళ్లు నాని కూలడాన్ని భూకంపంగా పొరబడిన వార్తలనూ ఇలాగే వేరు చేయాలి.

వార్త లేకపోవడం ఏం చెబుతుంది

19వ శతాబ్దపు భూకంపాల పటాన్ని చూస్తే మద్రాసు, బళ్లారి, నెల్లూరు, విశాఖపట్నం చుట్టూ చుక్కలు ఒత్తుగా ఉంటాయి. నిజాం రాజ్యపు ఉత్తర భాగం పలచగా ఉంటుంది. ఆ చుక్కల మధ్య దూరాన్ని బట్టి, తీరాంధ్ర భూమి చలనశీలమనీ, ఎలగందుల–సిర్పూర్ భూమి నిశ్చలమనీ అనుకోవడం సులువు. నిజానికి ఆ పటం చాలావరకు చూపుతున్నది ఉత్తరాలు రాసేవారు ఎక్కడ ఉన్నారో, పత్రికాఫీసులు ఎక్కడ ఉన్నాయో. యంత్రాలు వచ్చాక ఈ లోయలో నమోదైన కదలికలే అందుకు నిదర్శనం. 1969, 2024 నాటి స్థాయి భూకంపం 1840లో మేడారం అడవుల్లో వచ్చి ఉంటే దానికి అచ్చులో ఒక్క అక్షరం మిగలకపోవడం పూర్తిగా సంభవమే.

కాబట్టి మౌనాన్ని రెండు రకాలుగా వేరు చేయాలి. వార్త తప్పక చేరే చోట, పత్రిక క్రమంగా వెలువడుతున్న కాలంలో, ఆ రోజుల సంచికలు పూర్తిగా దొరికినప్పుడు వార్త లేకపోతే, అక్కడ గట్టి కుదుపు రాలేదని చెప్పవచ్చు. అది విలువైన ఆధారం. అది సమతీవ్రతా రేఖ ఎక్కడ ఆగిందో చూపుతుంది. వార్త చేరే దారే లేని చోట, లేదా సంచికలే పోయిన కాలంలో వార్త లేకపోవడం ఏ విషయమూ చెప్పదు. శ్రద్ధగల పరిశోధకుడు తన పట్టికలో ‘కుదుపు తెలియలేదు’, ‘సమాచారం లేదు’ అని రెండు వేర్వేరు గడులు ఉంచుకుంటాడు. ఉత్తర తెలంగాణలో 1926కు ముందున్న చాలా దశాబ్దాలు రెండో గడికి చెందుతాయి. జాబితాలు వాటిని మొదటి గడిలో వేయడం వల్లే ఈ ప్రాంతానికి భూకంపాలు కొత్త అన్న భావన పాతుకుపోయింది.

ఖాళీని పూరించడానికి పత్రిక పక్కన మరికొన్ని ఆధారాలు నిలబడాలి. నిజాం ప్రభుత్వ దస్తావేజులున్న హైదరాబాద్‌లోని రాష్ట్ర ప్రాచీన పత్రాలయం, మిషన్ల ఉత్తరాలు, దేవాలయాల మరమ్మతు లెక్కలు, ఊరి పెద్దల జ్ఞాపకాలు వాటిలో ముఖ్యమైనవి. 20వ శతాబ్ది పూర్వార్ధానికి హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేసిన మిల్న్–షా సీస్మోగ్రాఫ్ నమోదులు కూడా తోడవుతాయి. పత్రిక ఒక తేదీని అందిస్తే, ఆ తేదీ చుట్టూ దస్తావేజుల్లో వెతకడం సులభమవుతుంది. దస్తావేజులో మరమ్మతు ఖర్చు కనిపిస్తే, పత్రిక చెప్పిన నష్టానికి బలం చేకూరుతుంది.

మిగిలి ఉన్న పని

ఈ పనికి కావలసిన సంచికలు చాలావరకు ఇంకా ఉన్నాయి. వేటపాలెంలోని సారస్వత నికేతనం, రాజమండ్రిలోని గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో 1901లో వెలిసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం పాత తెలుగు, ఉర్దూ పత్రికలను కాపాడుతున్నాయి. ప్రెస్ అకాడమీ చొరవతో ఆంధ్రపత్రిక వంటివి డిజిటల్ రూపంలోకి వచ్చాయి. కానీ స్కాన్ చేసిన తెలుగు, ఉర్దూ పుటల్లో మాటను టైపు చేసి వెతకడం ఆంగ్ల పత్రికల్లోలా ఇంకా సులువు కాలేదు. పుట తరవాత పుట కళ్లతో చదవాలి. ఆంగ్ల పత్రికలు సులువుగా దొరుకుతాయి కనుక పరిశోధన వాటి మీదే నడిచింది. దాని వల్ల పాత పక్షపాతమే కొత్త జాబితాల్లోకీ చేరుతోంది.

ఉత్తర తెలంగాణకు ఒక క్రమమైన ప్రణాళిక సాధ్యమే. జాబితాల్లో ఇప్పటికే ఉన్న మధ్యభారత, దక్కన్ భూకంపాల తేదీలు తీసుకొని, ఒక్కో తేదీకి ముందూ వెనకా కొన్ని వారాల ఉర్దూ, తెలుగు, నాగపూర్ పత్రికలను చదవాలి. ప్రతి వార్తనూ మూల వాక్యంతో సహా రాసుకొని, పత్రిక పేరు, సంచిక తేదీ, ఊరు, చెప్పిన గంట, ఎత్తిరాతా కాదా అన్న వివరం జతచేయాలి. ఉర్దూ చదవగలవారు, తెలుగు చదవగలవారు, భూకంప శాస్త్రం తెలిసినవారు కలిసి చేయవలసిన పని ఇది. శాతవాహన, కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు, హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ నేలకు ఎంతో దూరంలో లేవు.

ఈ శ్రమకు ఫలితం కాగితం మీదే ఆగదు. రామగుండం థర్మల్ కేంద్రం, శ్రీపాద ఎల్లంపల్లి, కడెం, మేడిగడ్డ వంటి జలాశయాలు, బరాజ్‌లు, లోతైన గనులు, వేగంగా పెరుగుతున్న పట్టణాలు అన్నీ ఈ లోయలోనే ఉన్నాయి. అక్కడి కట్టడాలు ఎంత కుదుపును తట్టుకోవాలో నిర్ణయించే లెక్కల్లో గత భూకంపాల పరిమాణం, అవి మళ్లీ వచ్చే వ్యవధి మూలసంఖ్యలు. ఆ సంఖ్యలు అరవై ఏళ్ల నుంచి రెండు వందల ఏళ్లకు విస్తరిస్తే అంచనా మరింత నిక్కచ్చిగా ఉంటుంది. పాత పత్రికల్లో దొరికే ప్రతి పరీక్షించిన వార్తా ఆ విస్తరణకు ఒక అడుగు. సంచికలు పెళుసుబారి చేతిలో విరిగిపోకముందే వాటిని చదవడం ఈ తరం చేయవలసిన పని.